ఒక మెట్టు చల్లని ప్లగ్గులు

చెవి మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. బండి ఇంకా వీధి మలుపు తిరుగుతుండగానే, షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్నవాడు తల ఒక పక్కకు వంచి, మూడో సిలిండరు, ఎగ్జాస్టు వాల్వు అనేవాడు. విప్పి చూస్తే అదే. ముప్పై ఎనిమిదేళ్లు అలా చెప్పి, చెప్పిన మాట నిలబెట్టుకున్న మనిషి. ఆయనతో పందెం కాసి ఓడినవాళ్లు ఆ వీధిలో ఇప్పటికీ నలుగురైదుగురున్నారు. ఓడామన్న సిగ్గు వాళ్లకు లేదు సరిగదా, అదేదో ఘనకార్యమైనట్టు కొత్తవాళ్లకు చెప్పుకుంటారు.

ఆయన కొడుక్కి మాత్రం గ్రీజు వాసన గిట్టదు. బడిలో లెక్కలు చెబుతాడు. తండ్రి బళ్లు బాగుచేస్తే కొడుకు బళ్లో పిల్లల్ని బాగుచేస్తున్నాడని వీధిలో వేళాకోళమాడతారు. అందుకని షెడ్డు ముందు గదిలో ఉన్న స్పేర్ పార్టుల కొట్టు కోడలి చేతికి వచ్చింది. ఆమె రేడియోలు బాగుచేసే మనిషి కూతురు. చిన్నప్పటి నుంచి సోల్డరింగు పొగ పీలుస్తూ పెరిగింది. కాపురానికి వచ్చిన మొదటి ఏడు, ఊసుపోక కొట్లో కూర్చుని అట్టపెట్టెలు సర్దింది. రెండో ఏడు, ఏ పెట్టెలో ఏముందో చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. మూడో ఏడు, షెడ్డులో తీసిపారేసిన పాత స్పార్క్ ప్లగ్గుల్ని ఏరుకొచ్చి ఒక చెక్క పలకకు వరసగా గుచ్చి, ఒక్కోదాని కింద అది ఏ బండిది, ఆ బండికి వచ్చిన జబ్బేమిటి అన్నది చిన్న అక్షరాలతో రాసిపెట్టింది. అది చూసి మామగారు నవ్వాడు. ప్లగ్గును చూసి జబ్బు చెప్పడం నాడి పట్టలేని వైద్యుడు నాలుక చూసినట్టుంటుందని ఆయన అభిప్రాయం. ఆయనది చెవి విద్య.

ఆ చెవే రెండేళ్లుగా మోసం చేస్తోంది.

మొదట పోయినవి సన్నని చప్పుళ్లు. పాలు పొంగబోయే ముందు వచ్చే సవ్వడి, మనవరాలి గుసగుస. ఒకరోజు గోడ గడియారం ఆగిపోయిందనుకుని చంకలో పెట్టుకుని బాగుచేయించడానికి తీసుకెళ్లాడు. గడియారాలాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు దాన్నీ కాసేపు ఈయన్నీ చూసి, బానే నడుస్తోంది కదండీ అన్నాడు. మేస్త్రి ఏదో సర్దిచెప్పి గడియారం తెచ్చి మేకుకు తగిలించాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు.

పెద్ద చప్పుళ్లు ఇంకా వినపడుతూనే ఉన్నాయి. మిగతావాటికి ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. ఇంజను మీద అరచేయి ఆనించి అదురును బట్టి సగం తెలుసుకునేవాడు. మిగతా సగానికి కోడల్ని వెంటబెట్టుకునేవాడు. పనిముట్ల సంచి బరువుగా ఉంది, మోయలేకపోతున్నానని చెప్పి ఏ బండి చూడటానికి పిలిచినా ఆమెను తీసుకెళ్లేవాడు. ఇంజను నడుస్తుండగా ఆమె ముఖం చూసేవాడు. ఆమె కనుబొమ్మ కదిలిందంటే అక్కడేదో చప్పుడు వచ్చిందన్నమాట. అలా రెండేళ్లు పేరు పోకుండా నెట్టుకొచ్చాడు.

ఒక సోమవారం ఉదయం అగ్నిమాపక కేంద్రం ఆఫీసరూ, ఆయన వెంట డ్రైవరూ కొట్టుకు వచ్చారు. ఆఫీసరు సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. డ్రైవరు అందుకు సరిగ్గా తిరగేసిన మనిషి. వాళ్లు వచ్చింది బామ్మ కోసం.

బామ్మ అంటే కేంద్రంలో షెడ్డు చివర నిలబెట్టి ఉంచే పాత ఫైరింజను. ఆరు సిలిండర్ల పెట్రోలు బండి, ఇత్తడి గంట, పొట్టి ముక్కు. అక్కడ పనిచేసే వాళ్లెవరూ పుట్టకముందే అది డ్యూటీలో ఉంది. కొత్త బండ్లు వచ్చాక దాన్ని పండుటాకులా పక్కన పెట్టి, సోమవారం సోమవారం పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నారు. ఇప్పుడు దానితో పనిపడింది. కిందటి నెల కొండ మీద ఇళ్ల వెనక ఎండుగడ్డి అంటుకుంటే కొత్త బండి రెండో మలుపులో ఇరుక్కుపోయింది. ఆ దారి అంత ఇరుకు. చివరికి ఆ ఇళ్లవాళ్లే బకెట్లతో ఆర్పుకున్నారు. ఒక ముసలాయన చేతులు కాలాయి. ఆ మలుపు తిరగగల బండి తమ దగ్గర బామ్మ ఒక్కతేనని, దాన్ని మళ్లీ డ్యూటీలోకి తీసుకోనివ్వమని ఆఫీసరు పైవాళ్లకు రాశాడు. వాళ్లు ఒక పరీక్ష పెట్టారు. గురువారం నాడు నిండు ట్యాంకుతో పన్నెండు నిమిషాల్లో కొండెక్కాలి. ఎక్కాక అరగంట పాటు ఆగకుండా పంపు నడపాలి. నెగ్గితే డ్యూటీ, లేకపోతే పాత ఇనుము.

"కింద ఒక్క దెబ్బకు స్టార్టవుతుంది మేస్త్రి గారూ, పెళ్లికూతురిలా. రెండో మలుపు దాటగానే రేకుడబ్బాలో మేకులు వేసి ఊపినట్టు గలగలమంటుంది. ఆపైన కాళ్లు చచ్చుబడి కూలబడుతుంది," అన్నాడు డ్రైవరు.

అప్పటికే ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకాయన కార్బురేటరు కడిగాడు. ఒకాయన పెట్రోలు పంపు మార్చాడు. మూడో ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

చెవి మేస్త్రికి బామ్మ కొత్త కాదు. రెండేళ్ల కిందట, అది స్టార్టవడానికి మొరాయిస్తోందంటే వెళ్లి, ప్లగ్గులకు మసి పడుతోందని చెప్పి, వేడి రకం ప్లగ్గులు వేయించింది ఆయనే. ఆ రోజు నుంచే అది ఒక్క దెబ్బకు స్టార్టవుతోంది. ఆ పని తల్చుకుంటే ఆయనకు ఇప్పటికీ ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. సంచీ తీసుకోమని కోడలికి చెప్పి బయల్దేరాడు.

కేంద్రం ఆవరణలో బామ్మను స్టార్ట్ చేశారు. ఆయన బానెట్ మీద అరచేయి పెట్టాడు. అదురు నిండుగా, తీరుగా ఉంది. కోడలి ముఖం చూశాడు. అందులోనూ ఏమీ లేదు. పెట్రోలు సరిగ్గా అందడం లేదేమో, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం చూద్దామన్నాడు. అందరూ తలూపారు. కోడలు మాత్రం ఊపలేదు.

"మావయ్యా, ఇక్కడ దీనికి జబ్బు లేదు కదా. జబ్బున్న చోటే చూద్దాం. కొండ మీద పూర్తి బరువుతో లాగుతున్నప్పుడు ఒక్కసారిగా ఆపేసి, అక్కడికక్కడే ప్లగ్గులు తీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడికి తెచ్చి చూస్తే దిగేటప్పుడు పడిన మసి తప్ప ఏమీ కనపడదు," అంది.

ఆమె నలుగురి ముందు ఆయన మాటకు అడ్డు రావడం అదే మొదలు. డ్రైవరు ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాడు. మేస్త్రి సరే పదమన్నాడు. ఆమె చెప్పింది సబబుగా ఉందని ఆయనకు తెలిసింది. అది తనకే ఎందుకు తట్టలేదా అన్నది కాస్త గుచ్చుకుంది.

ట్యాంకు నింపి బండెక్కారు. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోది దాటగానే గలగల మొదలైంది. అది ఆయనకు కూడా వినపడింది. ఆమె చెప్పినట్టే డ్రైవరు యాక్సిలరేటరు నిండా తొక్కి ఉంచి, ఒక్కసారిగా తాళం తిప్పేసి, క్లచ్చి నొక్కి, హ్యాండ్ బ్రేకు లాగాడు. ఇద్దరు సిబ్బంది దిగి చక్రాల కింద రాళ్లు పెట్టారు. ఇంజను చల్లబడేదాకా గోడ నీడన కూర్చున్నారు. తర్వాత ఆమె ప్లగ్గులు ఒక్కొక్కటిగా విప్పి, పాత టవలు మీద ఒకటి నుంచి ఆరు దాకా వరసలో పరిచింది.

ఐదు ప్లగ్గుల ముక్కులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. వాటి మీద సన్నని పొక్కులు లేచాయి. ఆరోది మాత్రం నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది.

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని వాటిని చాలాసేపు చూశాడు. ఆ తెల్లని పొక్కులకు అర్థం ఆయనకు తెలియనిది కాదు. ప్లగ్గు ముక్కు నిప్పుకణికలా కాగిపోయి, మెరుపు పుట్టకముందే పెట్రోలును అంటిస్తోంది. ఆ గలగల అదే. నిలబడి ఊరికే నడిచే బండికి వేడి ప్లగ్గు మంచిది, మసిని తనే కాల్చేసుకుంటుంది. బరువు లాగే బండికి అదే ప్లగ్గు శత్రువు. వేయించింది తను.

కోడలు ఆ మాట అనలేదు. నెమ్మదిగా, ఆఫీసరుకు వినపడేలా చెప్పింది.

"అప్పుడు బామ్మ షెడ్డులో కూర్చునే మనిషి. అప్పటికి ఈ ప్లగ్గులే సరైనవి. ఇప్పుడు పనికి పంపుతున్నాం. పని మారింది కాబట్టి ప్లగ్గు మారాలి."

ఆఫీసరు అర్థమైందన్నట్టు చూశాడు. మేస్త్రి టవలు అంచు సర్దుతూ ఉండిపోయాడు. ఒక మనిషి తప్పును ఇంత శుభ్రంగా తుడిచి పక్కన పెట్టడం ఆయన అంతకుముందు చూడలేదు.

ఇక ఆరోది మిగిలింది. తడిసి ఉందంటే అక్కడ మెరుపే అందడం లేదు. ప్లగ్గులు మళ్లీ బిగించి, బామ్మను స్టార్ట్ చేయించి, ఆమె బానెట్ కిందికి నడుము దాకా వంగింది. యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కి వదలమంది. డ్రైవరు తొక్కాడు.

"విన్నారా మావయ్యా?" అంది లోపలి నుంచే.

ఆయనకు ఏమీ వినపడలేదు. ఆమె ముఖం కనపడటం లేదు. ఆఫీసరు, డ్రైవరు, సిబ్బంది అందరూ తన వైపే చూస్తున్నారు. తల ఒక పక్కకు వంచి, అది ట్యాపెట్ చప్పుడే, కాస్త వదులైందన్నాడు.

బానెట్ కింద ఒక క్షణం కదలిక ఆగింది. తర్వాత ఆమె లేచి, చేతులు తుడుచుకుంటూ, అది కూడా చూద్దాం మావయ్యా, ముందు డిస్ట్రిబ్యూటరు మూత తీసుకుని కొట్టుకు వెళ్దాం, అక్కడ వెలుతురు బాగుంటుందని చెప్పింది. అక్కడున్న వాళ్లెవరికీ ఏ తేడా తెలియలేదు. మేస్త్రికి మాత్రం తెలిసింది.

బామ్మను కిందికి దించాక ఆమె మూతతోపాటు దాని లోపలి సామానూ, కాయిలూ, ఒక పాత ప్లగ్గూ ఊడదీసి సంచిలో వేసుకుంది. కొట్టుకు వచ్చి కౌంటరు మీద దీపం వెలిగించి, తండ్రి ఇచ్చిన భూతద్దంతో ఆ మూత లోపలి వైపు చూసింది. ఆరు సిలిండర్లకూ మెరుపును పంచిపెట్టేది ఆ మూతే. ఆరో తీగ కూర్చునే చోటు మొదట్లో, పెన్సిలుతో గీసినట్టు వెంట్రుక మందాన నల్లని గీత ఉంది. మూతకు పగులు పట్టింది. ఇంజను మీద బరువు పడినప్పుడల్లా ఆరో ప్లగ్గుకు పోవాల్సిన మెరుపు ఆ గీత వెంబడి పక్కకు జారిపోతోంది. జారినప్పుడల్లా టిక్కు టిక్కుమంటోంది. ఆమె భూతద్దం ఆయన చేతికిచ్చింది.

ఆయన చూసి, భూతద్దం కింద పెట్టాడు.

"నాకు వినపడలేదమ్మా," అన్నాడు. "టిక్కన్నది నాకు వినపడనే లేదు. ట్యాపెట్ అని నోటికొచ్చింది చెప్పాను."

"తెలుసు మావయ్యా."

"ఇవాళ తెలిసిందా?"

"గడియారం సంగతప్పుడే తెలుసు. ఆ గడియారాలాయన మర్నాడు బ్యాటరీ కోసం వచ్చి చెప్పాడు. మీరు నా ముఖం చూసి చెబుతారని కూడా తెలుసు. అందుకే ఎప్పుడూ మీకు ఎదురుగా నిలబడేదాన్ని. ఇవాళ మరిచిపోయి బానెట్లోకి దూరాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. రెండేళ్లలో బాగుచేసిన బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందు తిరిగాయి. పాల వ్యాను, డాక్టరు గారి కారు, బడి బస్సు. ప్రతిసారీ తను తల వంచి చెప్పడం, ఎదురుగా ఈమె నిలబడి ఉండటం.

"అయితే రెండేళ్లుగా చెవి మేస్త్రివి నువ్వన్నమాట."

"సగం," అంది ఆమె. "మిగతా సగం మీ అరచేయి. అది నాకింకా రాలేదు."

ఆయనకు కోపం రావాలి. కనీసం సిగ్గన్నా వేయాలి. అవి రెండూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. లోపలికి వచ్చింది మాత్రం గర్వం. పందెం నెగ్గిన రోజుల్లో కూడా అంత గర్వం ఆయనకు కలగలేదు. నా ఇంట్లో, నా కౌంటరు వెనక, నాకు తెలియకుండా ఒక మేస్త్రి తయారైందా అనుకున్నాడు. ముక్కు చీదుకుని, ఇక సామాను తియ్యి అన్నాడు.

ఆ సాయంత్రం డ్రైవరు కూడా వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. సిబ్బంది తలాకాస్త వేసుకుని కొన్న ప్లగ్గుల పెట్టె తెచ్చాడు. తళతళలాడే పెట్టె, సూదిలాంటి సన్నని మొనలున్న ఖరీదైన ప్లగ్గులు. వీటిని మించినవి లేవని అమ్మినాయన చెప్పాడట. పాత ప్లగ్గు మీద అంకె కంటే దీని మీద అంకె పెద్దది కాబట్టి ఇది చల్లని రకమని కూడా చెప్పాడట.

ఆమె ఆ పెట్టెను మర్యాదగా రెండు చేతులతో అందుకుంది. ప్లగ్గు తీసి, పాతదాని పక్కన గాజుపలక మీద పెట్టి, గోరుతో మర చివర తడిమింది. మర పొడవు సరిపోయింది. ముక్కు లోపలికి దీపం పట్టి చూసింది.

"మంచి సరుకే అన్నయ్యా. కాకపోతే ఒక కంపెనీవాళ్లు అంకె పెరిగేకొద్దీ చల్లనంటారు. ఇంకో కంపెనీవాళ్లు అంకె పెరిగేకొద్దీ వేడి అంటారు. ఇవి రెండో రకం. చూడండి, లోపల తెల్లని పింగాణీ ఎంత పొడుగ్గా ఉందో. ఒంట్లో వేడి దిగిపోవడానికి అంత దూరం పోవాలి. ఇవి వేస్తే బామ్మకు ఇప్పుడున్న జ్వరం ఇంకాస్త పెరుగుతుంది," అంది. వాటిని మళ్లీ పెట్టెలో సర్ది, మార్చుకోవడానికి వీలుగా మూత చిరగకుండా అతికించి ఇచ్చింది.

ఆపైన అరలోంచి రెండు పెట్టెలు దించింది. ఒకటి పాతదానికంటే ఒక మెట్టు చల్లనిది, ఒకటి రెండు మెట్లు. మేస్త్రి రెండు మెట్లే వేద్దామన్నాడు. కొండ అంటే కొండే, సందేహం ఉంచుకోకూడదని ఆయన వాదం. ఆమె వెంటనే కాదనలేదు. డ్యూటీలోకి వచ్చాక బామ్మ రోజంతా ఏం చేస్తుందని డ్రైవర్ని అడిగింది. రోజూ పొద్దున స్టార్ట్ చేసి నిలబెట్టడం, కబురొస్తే కొండెక్కడం, ఎక్కాక నిలబడి పంపు నడపడమని అతను చెప్పాడు.

"రెండు మెట్లు చల్లనిదైతే కొండెక్కుతుంది మావయ్యా. కానీ రోజూ పొద్దున ఊరికే నడిపినప్పుడు మసి పట్టి, అసలు కబురొచ్చిన రోజు స్టార్ట్ కాదు. ఒక మెట్టు చాలు. ఆ మూత పగులు పోతే మిగతాది అదే చూసుకుంటుంది."

మేస్త్రి రెండు ప్లగ్గుల్నీ చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు కాసేపు ఆడించాడు. రెండు మెట్లదాన్ని తనే పెట్టెలో పెట్టి మూసేశాడు.

డిస్ట్రిబ్యూటరు మూతలు రెండు దొరికాయి. ఒకటి కొత్తది, మెరుస్తోంది గానీ లోపల కొసలు అల్యూమినియంవి. ఇంకోటి అటక మీద ఏళ్లుగా కాగితంలో చుట్టి ఉన్నది, ఇత్తడి కొసలది. ఆమె ఇత్తడిదే తీసుకుంది. దాంతోపాటు లోపల తిరిగే రోటరు కూడా మార్చాలంది. పాత రోటరు కొస కాలి అరిగిపోయింది. మెరుపు పుట్టడానికి కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లకు గుంటలు పడ్డాయి. అవీ, వాటితో కండెన్సరూ పక్కన పెట్టింది. కండెన్సర్లు నాలుగుంటే, రేడియోలాయన కూతురు కదా, నాలుగింటికీ మీటరు పెట్టి చూసి ఒకటి ఎంచింది. డ్రైవరు మెరుపుకు బలమిచ్చే కాయిలు కూడా మార్చేయమన్నాడు. ఆమె దాన్నీ మీటరుతో చూసి, బాగున్నదాన్ని మార్చడం పని కాదని వదిలేసింది.

చివరికి ప్లగ్గు తీగల దగ్గర మేస్త్రి రాగి తీగలవైపు చెయ్యి చాపాడు. ఆయన జీవితమంతా రాగి తీగలే వాడాడు, అవి పదేళ్లయినా చెక్కుచెదరవు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. బామ్మలో వైర్‌లెస్ సెట్టు ఉందా అని డ్రైవర్ని అడిగింది. కిందటి వారమే పెట్టారన్నాడు.

"రాగి తీగలు వేస్తే ఆ సెట్టులో గరగర తప్ప ఇంకేమీ వినపడదు. నిప్పు దగ్గర నిలబడి, అటు గాలి మళ్లింది వెనక్కి రండని కింద నుంచి చెబితే మీకు వినపడొద్దూ?" అంటూ, ఆ గరగరను అణిచే రకం తీగలు ఆరూ పొడవు కొలిచి తీసింది.

మేస్త్రికి వైర్‌లెస్ సంగతి కలలో కూడా తోచి ఉండేది కాదు. ఇంజను చెప్పేది వినడం ఆయనకు తెలుసు. ఈ పిల్ల ఇంజను పక్కన నిలబడే మనిషికి ఏం వినపడాలో కూడా ఆలోచిస్తోంది.

మంగళవారం ఇద్దరూ కలిసి బిగించారు. ప్రతి ప్లగ్గు సందునూ ఆమె రేకు కొలతతో చూసింది, ఆయన మరలు చేత్తో తిప్పి చివర్న పానా వేశాడు. మెరుపు పుట్టే టైమింగు పెట్టేటప్పుడు దీపం ఆమె పట్టుకుంది, డిస్ట్రిబ్యూటరు ఆయన తిప్పాడు. బుధవారం మళ్లీ కొండ మీద అదే చోట ఆపి ప్లగ్గులు తీశారు. ఆరూ ఒకే రంగు, లేత బిస్కెట్టు రంగు. ఆమె ఆరో ప్లగ్గును ఎండకు పట్టి చూసి ఆయన అరచేతిలో పెట్టింది. మేస్త్రి దాన్ని బొటనవేలితో తుడిచి చూసి, తలెత్తి కొండ పైకి చూశాడు.

గురువారం ఉదయం పైనుంచి పరీక్షాధికారి వచ్చాడు, మెడలో స్టాపువాచీ వేసుకుని. బండి ముందు భాగంలో డ్రైవరు, అధికారి కాక ఇంకొకరికే చోటుంది. ఆఫీసరు తలుపు తీసి పట్టుకుని మేస్త్రిని ఎక్కమన్నాడు. సిబ్బంది అంతా చుట్టూ నిలబడి ఉన్నారు.

"నన్ను కాదండీ, మా కోడల్ని ఎక్కించండి," అన్నాడు మేస్త్రి. "దారిలో ఏదైనా తేడా వస్తే వినాల్సింది ఆమే. నాకు రెండేళ్లుగా సన్నని చప్పుళ్లు వినపడటం లేదు."

ఆ మాట ఆయన అనుకున్నంత బరువుగా లేదు. అన్నాక భుజాలు తేలికయ్యాయి. కోడలు ఆయన వైపు ఒక్కసారి చూసి ఎక్కింది. సెలవు పెట్టుకుని వచ్చిన కొడుకు తండ్రిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ముందుగానే కొండ మీదికి తీసుకెళ్లాడు. దారంతా, ఒక మెట్టు అంటే ఎన్ని డిగ్రీలు నాన్నా అని అడుగుతూనే ఉన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి వాడు ప్లగ్గు గురించి అడిగాడు. వెళ్లి మీ ఆవిడనడుగు అన్నాడు మేస్త్రి.

కొండ మీద ఇళ్లవాళ్లు పిట్టగోడ పొడుగునా నిలబడి ఉన్నారు. చేతులకు కట్లు కట్టుకున్న ముసలాయన కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బామ్మ వస్తున్న చప్పుడు మేస్త్రికి వినపడలేదు. ముందు జనం ముఖాలు ఒక్కసారిగా అటు తిరిగాయి. తర్వాత పిల్లలు పరుగెత్తారు. ఆ తర్వాత చివరి మలుపులో ఎర్రని పొట్టి ముక్కు కనపడింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. నిండు కడుపుతో, తలెత్తుకుని వచ్చి, గోడ పక్కన ఆగింది. పది నిమిషాల నలభై సెకన్లు.

పంపు మొదలుపెట్టారు. గొట్టంలోంచి నీళ్లు లోయ అంచు దాటి చిమ్మాయి. మేస్త్రి వెళ్లి బానెట్ మీద అరచేయి పెట్టాడు. ఆరుగురు మనుషులు ఒకే అడుగు వేస్తూ నడుస్తున్నట్టుంది లోపల. ఎవరూ వెనకబడలేదు, ఎవరూ ముందుకు దూకలేదు. అరగంటా ఆయన ఆ చెయ్యి తీయలేదు. కోడలు ఇంకో పక్క నిలబడి తల ఒక పక్కకు వంచి వింటోంది. ఆ వంచడం ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమెకే తెలిసి ఉండదు.

అరగంట అయ్యాక అధికారి స్టాపువాచీ ఆపి, బండి పుస్తకం తెరిచి, నెగ్గిందని రాశాడు. పని చేసిన మేస్త్రి పేరు రాసే గడి దగ్గర ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు, ఇంకెవరండీ, చెవి మేస్త్రే అన్నాడు. కలం కాగితానికి ఆనింది.

మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "జబ్బు కనిపెట్టింది ఆమె. సామాను ఎంచింది ఆమె. రెండేళ్ల కిందట ఈ బండికి వేడి ప్లగ్గులు వేయించింది నేను, అది కూడా రాసుకోండి కావాలంటే. మేస్త్రి అన్న చోట ఆమె పేరు రాయండి." అని, కోడలి పేరు పూర్తిగా, ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. అధికారి ఆయన చెప్పినంత నిదానంగానే రాశాడు. ఆమె గొట్టం చుడుతున్న సిబ్బందికి అడ్డు తొలగి, పనేమీ లేకపోయినా పనిముట్ల సంచి సర్దుకోసాగింది.

ఆ మరుసటి వారం ఆఫీసరు మళ్లీ కొట్టుకు వచ్చాడు. ఈసారి అడిగింది బండి గురించి కాదు. చుట్టుపక్కల కేంద్రాల డ్రైవర్లు పన్నెండు మంది ఉన్నారు, ప్లగ్గు చూసి జబ్బు చెప్పడం వాళ్లకు రెండు పూటలు నేర్పగలరా అని. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన అప్పటికే ఆమె పలకను గోడ మీంచి దించి గుడ్డతో తుడుస్తున్నాడు.

శనివారం కేంద్రంలోని పొడుగాటి గదిలో బెంచీలు వేశారు. ఆమె మొదట తడబడింది. తర్వాత ఒక తెల్లని పొక్కుల ప్లగ్గు చేతిలోకి తీసుకోగానే ఆ తడబాటు ఎటు పోయిందో పోయింది. మేస్త్రి మొదటి బెంచీలో, డ్రైవర్ల మధ్య, చెవికి కొత్తగా పెట్టించుకున్న మిషను సవరించుకుంటూ కూర్చున్నాడు. సగం దాకా బాగానే సాగింది. ఒక మెట్టే ఎందుకు, రెండెందుకు కాదన్న సంగతి ఆమె చెప్పకుండా దాటబోయింది. గదిలో ఎవరూ అడగలేదు.

మేస్త్రి చెయ్యెత్తాడు.

"అమ్మా, ఒక సందేహం," అన్నాడు, గది చివరి దాకా వినపడేలా. "కొండెక్కే బండి కదా, రెండు మెట్లు చల్లనిది ఎందుకు వేయకూడదు?"

డ్రైవర్లందరూ ఆయన వైపు తిరిగి, తర్వాత జవాబు కోసం ఆమె వైపు తిరిగారు. ఆమె ఆయన్ని చూసి, నవ్వు ఆపుకుని, సుద్దముక్క అందుకుని బోర్డు వైపు నడిచింది.